లోకుట్టు

గిరింపేటలో పిండిమిషను పక్కన
నా కుట్టుమిషను.
పగలంతా రెండూ మాట్లాడుకుంటా ఉంటాయి,
ఒకటి రాగులు నములుతా, ఒకటి గుడ్డ నములుతా.

జాకెట్టు కుట్టేటప్పుడు
పక్కల్లో ఒకటిన్నర అంగుళం దాచిపెడతాను.
లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారే,
లోకుట్టు నాకెరుక.

మొన్న మంగళవారం నీలవేణి వచ్చింది.
కొలతల పుస్తకంలో నాలుగు పేజీలు దానివే:
ముప్పైనాలుగు, ముప్పైయారు, ముప్పైయారున్నర,
ఆపైన పెన్సిలు ముక్కు విరిగింది.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
"ఏం తింటా ఉండావే?" అన్నా.
"తినేదే లేదక్కా.
పదింటికి రెండు పరోటాలు,
పన్నెండుకి టీ, క్రీము బిస్కెట్లు,
రెండింటికి మళ్ళా టీ.
తెల్లారి ఇంటికొస్తే ఆకలికి నిద్ర పట్టదు."

ఆకలికి నిద్ర పట్టదంట!
నా టేపు దాని నడుము చుట్టూ పోయి
కొస కోసం తడుముకుంటా ఉంటే.

నవ్వలేదు నేను.
ఆ ఆకలి నాకూ చుట్టమే.
సన్నబడదామని పొద్దున పచ్చినీళ్ళు తాగి,
పదకొండుకి పొట్లం విప్పితే మూడు బోండాలు,
పొట్లం కాగితానికంటిన కారం కూడా వేలితో.
కడుపు బరువెక్కేది. లోపలెవరో మాత్రం
అప్పు వసూలుకొచ్చినోడి మాదిరి
తలుపు కొడతానే ఉండేవాళ్ళు.

పెద్దాసుపత్రి నర్సు ఎస్తేరమ్మ చెప్పిందా సంగతి,
యూనిఫాం వదులు చేయించుకుంటా:
"కడుపు నిండేది వేరు, ఒళ్ళు నిండేది వేరు తల్లీ.
ఒళ్ళు పప్పును పిలుస్తా ఉంటే
నువ్వు చక్కెరను పంపిస్తా ఉండావు.
నేను పిలిచింది నిన్ను కాదే అని
అది మళ్ళా పిలుస్తాది. పిలవదా మరి?"
నా నోట్లో గుండుసూదులు. జవాబు చెప్పలేకపోయినా.

అనపకాయల కాలమది.
రాత్రి నానేసి, పొద్దున పితికి,
పులుసు పెట్టి, సంగటిముద్దకి గుంట చేసి పోసుకున్నా.
పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు.
ఆ పూట ఆకలి నాలుగింటిదాకా రాలేదు.
వచ్చినా చెప్పులు బయట విడిచి వచ్చింది.

ఏం కరిగిపోలేదులే.
నాలుగు నెలలకు బస్టాండు మిషను చీటీలో
రెండు కిలోలు తగ్గింది.
ఉగాది రోజు ఆరు ఓళిగలు, నెయ్యి పోసుకుని.
ఆ చీటీ ఎక్కడో పారేసుకున్నా.

దొరసానమ్మ కథ ఇంకొకటి.
మూరల లెక్కన కనకాంబరాలు అమ్ముతాది.
దాని జాకెట్టుకి ప్రతి ఆర్నెల్లకీ
లోపలివైపు కుట్టు వేస్తా వస్తా ఉండా, వేస్తా వస్తా ఉండా,
ఇక చంక కింద గుడ్డ ముడతలు పడి మోపుగా ఉంది.
"టీ తాగితే ఆకలి చస్తాది పాపా" అంటాది
బీదవాళ్ళకు తెలిసిన కిటుకు మాదిరి.
చచ్చేది ఆకలి ఒక్కటే అయితే బాగుణ్ణు.

పిండిమిషను రాగిపిండితో అంబలి కాచి
మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ చిదిపి ఇచ్చా.
రెండు గుక్కలు తాగి పెట్టేసింది.
మర్నాడు మూడు.
గంగమ్మ జాతర దాటినాక ఒకనాడు
గ్లాసు అడుగు వేలితో తుడిచి నాకి,
నా వైపు చూడకుండా అడిగింది:
"ఇంకొంచెం ఉందా?"

నీలవేణి జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని
అర అంగుళమే విప్పినా.
మిగతా అంగుళం అట్లనే ఉండనీ.
దాని సంచిలో వేయించిన చెనిక్కాయలు గుప్పెడు వేశా,
"పన్నెండింటికి బిస్కెట్టు ముందు ఇది తిను,
ఆ పైన నీ ఇష్టం" అన్నా.
"నువ్వూ డాక్టరమ్మవై పోతివే" అని నవ్వి పోయింది.
తింటాదో లేదో.

కరెంటు పోయింది.
రెండు మిషన్లూ ఊరకున్నాయి.
సూది కన్ను కనపడక చేతులు ముడుచుకు కూచుంటే
నాలుగింటి ఆకలి గడపలోకి వచ్చి నిలబడింది.
జరిగి చోటిచ్చినా.